కొమ్ము మీద బొటనవేలు

అక్టోబర్ 4, 1983, మంగళవారం

ఈ డైరీ జనవరిలో మందుల కంపెనీవాడు ముసలివాళ్ళుండే మా నర్సింగ్ హోమ్‌లో నర్సులందరికీ పంచిపెట్టాడు. ఇన్నాళ్ళూ ఒక్క పేజీ ముట్టుకోలేదు. ఈరోజు రాయాలి. ఎవరికీ చెప్పలేని పని ఒకటి నెత్తిన వేసుకొచ్చాను.

మూల గదిలో మిస్టర్ కరాస్ ఉంటాడు. మాన్‌హాటన్‌కి ఇవతలి ఒడ్డున జర్నల్ స్క్వేర్ దగ్గర చాలా ఏళ్ళు డైనర్, అంటే చిన్న హోటలు, నడిపిన గ్రీకు పెద్దాయన. గుండె ఇక లాక్కురాదని డాక్టరు కన్నా ముందు ఆయనకే తెలుసు. జీవితమంతా పాత వెండి నాణేలు పోగుచేశాడు. అలెగ్జాండర్ చచ్చిపోయాక ఆయన సేనాపతులు రాజ్యాన్ని ముక్కలు చేసుకుని తలా ఒక సింహాసనం ఎక్కారట. వాళ్ళు కొట్టించిన నాణేలంటేనే ఈయనకి ప్రాణం. నేను బీపీ చూస్తుంటే ఆ రాజుల తగాదాలు చెప్పేవాడు, మా గుంటూరులో ఎలక్షన్ తగాదాలు చెప్పుకున్నట్టే. జబ్బు ముదిరాక కూతురు హెలెన్ ఆ నాణేలన్నీ అమ్మేసింది. ఒక్కటి మాత్రం ఆయన పైజమా జేబులో మిగిలిపోయింది.

ఈరోజు అది నా చేతిలో పెట్టాడు.

"దెవోరా," అన్నాడు. దెబోరా అనే నా పేరుని వాళ్ళ భాషలో అలాగే పలుకుతారట. "నేను పోయాక ఇది నా నోట్లో పెట్టు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. వాళ్ళ ఊళ్ళో చనిపోయినవాళ్ళ నోట్లో ఒక నాణెం పెట్టేవారట, అవతలి ఒడ్డుకి దాటించే పడవవాడికి ఇవ్వడానికి. వాళ్ళ నాన్నకి వాళ్ళమ్మ పెట్టిందట. చర్చి ఫాదర్ ఆ కాసేపూ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడట.

"మీరు దాన్ని నమ్ముతారా?" అన్నాను.

"నమ్మకం సంగతి కాదు. మా నాన్న ఖాళీ చేతులతో పోలేదు. నేనెందుకు పోవాలి?"

"మీ అమ్మాయికి చెప్పండి మరి."

"జులైలో చెప్పాను. నవ్వింది, నీలాగే." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నోట్లో కుదరకపోతే చేతిలో పెట్టు. పడవవాడు అంత పట్టింపు మనిషి కాదు."

మా ఊళ్ళో పక్క వీధివాళ్ళు శవం నుదుటి మీద రూపాయి బిళ్ళ అంటించేవాళ్ళు. అది అన్యుల ఆచారమని మావాళ్ళు తల తిప్పుకునేవారు. నేను తిప్పుకునేదాన్ని కాదు, బాగా చూసేదాన్ని. సరేనన్నాను.

పేషెంట్ దగ్గర గుండుసూది కూడా తీసుకోకూడదని మా హోమ్‌లో రూలు. తెలుసు. నేను తీసుకోలేదు. పట్టుకున్నాను, అంతే.

అక్టోబర్ 5

నాణెం పౌడరు డబ్బాలో పెట్టాను. మా ఆయన పౌడరు రాసుకోడు.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు తీసి చూశాను. మన పాత రూపాయంత ఉంటుంది, కానీ బాగా మందం. ఒకవైపు కుర్రవాడి తల. తలకి పట్టీ, చెవి మీదుగా మెలి తిరిగిన గొర్రెపోతు కొమ్ము. అది అలెగ్జాండర్. అయితే కొట్టించినవాడు అలెగ్జాండర్ కాదు, లిసిమాకస్ అనే సేనాపతి. రెండోవైపు ఎథీనా దేవత కూర్చుని ఉంటుంది. ఆమె అరచేతిలో రెక్కలున్న చిన్న విజయదేవత. ఆ చిన్నదాని చేతిలో దండ. దండ తీసుకెళ్ళి లిసిమాకస్ పేరు మీద వేస్తూ ఉంటుంది.

"తన పేరు వెనకవైపు వేసుకుని, ముందు చచ్చినవాడి ముఖం ఎందుకు వేశాడు?" అని ఒకసారి మిస్టర్ కరాస్‌ని అడిగాను.

"బతికున్న సేనాపతి ముఖం చూస్తే ఎవరు పుచ్చుకుంటారు? రేపు ఉంటాడో ఉండడో. చచ్చినవాడైతే ఇక మాట మార్చడు."

మిస్టర్ కరాస్ మాట్లాడుతున్నంతసేపూ బొటనవేలితో ఆ కొమ్ము రాస్తూనే ఉండేవాడు. వెండి మిగతా చోట్ల నల్లబడింది కానీ కొమ్ము మాత్రం తెల్లగా మెరుస్తుంది. ఒకసారి నేను కూడా రాసి చూశాను. ఒక్కసారే.

అక్టోబర్ 7

మధ్యాహ్నం భోజనాల ట్రేలు తీసేవేళ పోయాడు. చేతిలో నాణెం లేకపోయినా బొటనవేలు చూపుడువేలి మీద ఆడుతూనే ఉంది, ఆగిపోయేదాకా.

నాణెం ఇంట్లో ఉంది. నేను హోమ్‌లో ఉన్నాను. హెలెన్ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆ వెనకే శవాన్ని సిద్ధం చేసే ఫ్యునెరల్ హోమ్ వాళ్ళు వచ్చి తీసుకెళ్ళిపోయారు. వాళ్ళు పెదవులు కుట్టేస్తారు. ఇక నోట్లో కుదరదు.

నేను ఏడవలేదు.

అక్టోబర్ 8

మా సూపర్‌వైజర్ మిసెస్ కొవాల్‌స్కీ ఆఫీసుకి పిలిచింది. హెలెన్ కూడా ఉంది, నిన్నటి బట్టల్లోనే. బల్ల మీద ఆయన వస్తువులు పెట్టారు: కళ్ళజోడు, పళ్ళసెట్టు, గడియారం.

"నాణెం ఏది?" అంది హెలెన్.

నేను గడియారం వైపు చూశాను.

"మా నాన్న జేబులో ఎప్పుడూ ఉండేది. యూ సా ఇట్."

"చూశాను. రోజూ చూశాను."

"ఇప్పుడు ఎక్కడుంది?"

"దాని గురించి నేను మాట్లాడను."

మిసెస్ కొవాల్‌స్కీ ముఖం ఎర్రగా అయిపోయింది. నా మంచి కోరే మనిషే. తెలీదని చెప్పు, లేకపోతే ఇచ్చెయ్ అని కళ్ళతోనే చెబుతోంది. తెలీదని ఎందుకు చెప్పాలి? నాకు తెలుసు. ఇచ్చెయ్యడానికి అది హెలెన్‌ది కాదు. ఎంక్వైరీ అయ్యేదాకా డ్యూటీకి రావద్దన్నారు. సరే అని బ్యాగు తీసుకుని వచ్చేశాను.

పోలీసుల్ని పిలవలేదు. ఎందుకో. హెలెన్‌కి కావలసింది డబ్బే. మిగతావన్నీ అమ్మేసింది, ఇది కూడా అమ్మాలి. పోలీసుల దగ్గర పెడితే అమ్మకం ఆలస్యమవుతుందని కాబోలు.

అక్టోబర్ 9, ఆదివారం

మా ఆయన పౌడరు రాసుకోడు. కానీ వర్షానికి తడిసిన బూట్లలో చల్లుతాడట. పెళ్ళయిన ఇన్నేళ్ళకి తెలిసింది.

"ఏందే ఇది?" అని నాణెం పట్టుకొచ్చాడు. దాచి లాభం లేక, దీనికోసమే నా డ్యూటీ ఆపారని, పెద్దాయనే ఇచ్చాడని, ఎందుకిచ్చాడో మాత్రం అడగొద్దని చెప్పాను. మంచం మీద కూలబడ్డాడు. "డిసెంబర్‌లో మన సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ. గుడ్ మోరల్ క్యారెక్టర్ అని అడుగుతారే! దొంగతనం కేసంటే ఇంకేమన్నా ఉందా?" నన్ను ఒప్పించడం తన వల్ల కాదని తెలిసి, ఆరాధన అయ్యాక దైవాశీర్వాదం గారిని ఇంటికి పిలుచుకొచ్చాడు.

ఆయన వారమంతా మాన్‌హాటన్‌లో ఇన్సూరెన్స్ ఉద్యోగి, ఆదివారం మా తెలుగు సంఘానికి పెద్ద. లూథరన్ చర్చి బేస్‌మెంట్ అద్దెకు తీసుకుని మమ్మల్నందరినీ ఒకచోట చేర్చింది ఆయనే. అబద్ధం ఆడరు. ఇంకొకర్ని ఆడనివ్వరు. నాణేన్ని పేపర్ నాప్కిన్‌తో పట్టుకుని వెలుతురులో చూశారు.

"కొమ్ములు సిస్టర్! కొమ్ములున్న తల. ఇదెవరో మీకు తెలీదా?"

"అలెగ్జాండర్ అండీ. అది గొర్రెపోతు కొమ్ము. ఈజిప్టులో అలాంటి కొమ్ములున్న దేవుడొకడు ఉండేవాడట. తను ఆయన కొడుకునని చెప్పుకున్నాడట."

"అంటే విగ్రహం. ఇంకా ఘోరం." తిప్పారు. "ఈ కూర్చున్నది?"

"ఎథీనా. వాళ్ళ దేవత."

"ఆమె చేతిలో రెక్కలది?"

"ఇంకో దేవత."

"ఒక్క బిళ్ళ మీద ముగ్గురా!" నాణెం టీపాయ్ మీద పెట్టేసి చేతులు తుడుచుకున్నారు. "ఇది ఇంట్లో ఉండకూడదు. హడ్సన్ నదిలో పారేయండి."

"పారేస్తే ఎట్టాగండీ?" అన్నాడు మా ఆయన. "వాళ్ళది వాళ్ళకి ఇచ్చెయ్యాలి గదా?"

"దయ్యపు బొమ్మని ఇంకొకరి ఇంటికి పంపుతావా బ్రదర్?"

వాళ్ళిద్దరూ దాని మీద వాదించుకుంటూ ఉంటే నేను టీ పెట్టాను. కప్పులు ఇస్తూ అన్నాను, "పన్ను కట్టడానికి ప్రభువు శిష్యుడికి చేప నోట్లో దొరికిందే నాణెం, అది కూడా ఇలాంటి నాలుగు ద్రక్మల వెండి బిళ్ళేనటండీ. దాని మీద కూడా అన్యదేవుడి తలే ఉండేదట. ప్రభువు హడ్సన్‌లో పారేయమనలేదు కదా?"

"ఎవరు చెప్పారు మీకు?"

"మిస్టర్ కరాస్."

"వాక్యం హోటలాయన దగ్గర నేర్చుకున్నారా సిస్టర్?"

టీ తాగకుండానే వెళ్ళిపోయారు. నాణెం మళ్ళీ డబ్బాలో పెట్టాను, మా ఆయన చూస్తుండగానే.

అక్టోబర్ 10

రేపు పొద్దున అంత్యక్రియలు. శవపేటిక తెరిచే ఉంచుతారట.

దాచుకోవాలని నాకేం లేదు. ఊరికే చూస్తున్నాను. ఇంత బరువు, ఇంత చల్లదనం ఉన్న వస్తువు నా ఇంట్లో ఇంకోటి లేదు. రెండు వేల ఏళ్ళకి పైగా ఎన్ని చేతులు మారిందో. నా చేయి కూడా అందులో ఒకటి. ఇంకో వారం నా దగ్గర ఉంటే ఏమవుతుంది? ఆయన వచ్చి అడుగుతాడా?

రేపు ఇచ్చేస్తాను. దాచుకోవాలని నాకేం లేదు.

అక్టోబర్ 11

తెల్లచీర కట్టుకున్నాను. చావుకి మావాళ్ళం తెల్లచీరే కడతాం. ఇంకోలా ఆలోచించలేదు. చర్చి తలుపు తీశాక తెలిసింది, అక్కడ అందరూ నలుపే. చొక్కా బొత్తాలు కూడా నలుపు. నేను పెళ్ళికూతురులా గుమ్మంలో నిలబడ్డాను. అన్ని తలలూ ఒకేసారి తిరిగాయి. దొంగచాటుగా చెయ్యాల్సిన పనికి ఎంత చక్కగా ముస్తాబై వెళ్ళానో!

చేతిలో చేమంతి దండ. నిన్న కొట్లో రెండు కుండీలు కొని, పువ్వులన్నీ తుంచి సూదీదారంతో గుచ్చాను. మా ఆయన అడగలేదు. చిక్కుపడిన దారం మాత్రం విప్పి ఇచ్చాడు. నాణెం రుమాల్లో చుట్టి నడుము దగ్గర దోపుకున్నాను.

ధూపం పొగ, అర్థం కాని పాట. చివర్లో అందరూ వరసగా వెళ్ళి ఆయన్ని ముద్దుపెట్టుకున్నారు. వరసలో నిలబడ్డాను. నా ముందు మనిషి వెనక్కి తిరిగి నన్ను పైనుంచి కిందికి చూసింది. నేను కూడా ఆమెని పైనుంచి కిందికి చూశాను. హెలెన్ పేటిక తల దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసి ఒక అడుగు ముందుకు వేసింది. ఏమనుకుందో ఆగిపోయింది. తండ్రి శవం ముందు గొడవ ఎందుకనుకుందేమో.

ఆయన ముఖానికి రంగు వేశారు. డైనర్ గోడ మీద ఫొటోలా ఉన్నాడు. రెండు చేతులూ రొమ్ము మీద మడిచి, మధ్యలో చిన్న దేవుడి పటం ఉంచారు. నేను దండ పరిచాను, చేతుల మీదుగా, ఒత్తుగా. దండ సర్దుతున్నట్టు వంగాను. రుమాలు విప్పి నాణేన్ని కుడి అరచేతి కిందికి జరిపాను. చెయ్యి కర్రలా ఉంది, లోపలికి పోలేదు. శవాలు నాకు కొత్త కాదు, వేళ్ళు ఎక్కడ వంగుతాయో తెలుసు. మెల్లగా నొక్కి జరిపాను. వెళ్ళింది. ఇంకొక్క పని మిగిలింది, అది కూడా చేసి దండ పైకి లాగాను.

అప్పుడు తల ఎత్తి హెలెన్ వైపు చూశాను. నా కళ్ళు దించలేదు. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏం చూసిందో, ఏం చూడలేదో నాకు తెలీదు.

బయటికొచ్చి బస్‌స్టాప్‌లో కూర్చున్నాను. మూత వేసేముందు ఎవరైనా దండ తీసేస్తే? పటం తీసుకుంటే? శ్మశానానికి కార్లన్నీ బయల్దేరేదాకా అక్కడే కూర్చున్నాను. పేటిక బయటికి తెచ్చినప్పుడు ఎవరూ కేకలు వేయలేదు.

నేను ఏడవలేదు. చలికి కళ్ళు కారాయి.

అక్టోబర్ 12

మా ఆయన పౌడరు డబ్బా దులిపి చూసుకున్నాడు. "ఏం చేశావే?" అన్నాడు. చెప్పలేదు. మంచివాడు. ఎవరైనా గట్టిగా అడిగితే అన్నీ చెప్పేస్తాడు. చెబితే హెలెన్ కోర్టు ఆర్డరు తెస్తుంది, మట్టి తవ్విస్తుంది, ఆ వేళ్ళు విడదీస్తారు. నా ఉద్యోగం పోతే పోనీ. ఆయన చేతిలోంచి అది బయటికి రాకూడదు.

అక్టోబర్ 14

మిసెస్ కొవాల్‌స్కీ ఫోన్. "డెబ్రా, ఒక దారి ఆలోచించాను. నాణెం హోమ్‌లో ఎక్కడో పోయింది, అది నీ అజాగ్రత్త వల్ల, అని రాసి సైన్ చెయ్. వార్నింగ్‌తో సరిపోతుంది. సోమవారం వచ్చేయొచ్చు."

"పోలేదు కదండీ."

"మరి ఎక్కడుంది?"

"పోలేదు. పోయిందని సంతకం పెట్టను."

ఆవిడ నిట్టూర్పు ఫోన్‌లో గాలివానలా వినిపించింది.

అక్టోబర్ 16, ఆదివారం

బేస్‌మెంట్‌లో నేను కూర్చున్న బెంచీలో నాకు అటూ ఇటూ ఖాళీ. దేవకుమారి ఆంటీ ఎప్పుడూ నా పక్కనే కూర్చుని సగం పాట తప్పు పాడుతుంది. ఈరోజు ముందు బెంచీకి వెళ్ళిపోయింది.

ఆరాధన అయ్యాక దైవాశీర్వాదం గారు పక్కకి పిలిచారు. "ఆ విగ్రహం ఇంట్లో ఉన్నంతకాలం, దొంగతనం మాట తేలనంతకాలం, మీరు ప్రభురాత్రి భోజనపు బల్లలో చెయ్యి వేయకూడదు సిస్టర్. వచ్చే నెల మొదటి ఆదివారానికి సంఘం ముందు ఒప్పుకుంటే సరే. లేకపోతే రొట్టె పళ్ళెం మిమ్మల్ని దాటి వెళుతుంది."

"విగ్రహం ఇంట్లో లేదండీ."

"ఎక్కడుంది?"

అందరికీ అదే ప్రశ్న. వందనాలు చెప్పి వచ్చేశాను.

అక్టోబర్ 19

హెలెన్‌కి కావలసింది డబ్బే.

అక్టోబర్ 22

ఇల్లంతా కడిగాను. కర్టెన్లు ఉతికాను. డ్యూటీ లేకపోతే ఇన్ని గంటలు ఏం చేసుకోవాలో తెలీదు. కూరగాయలు తరుగుతూ చూసుకుంటే నా బొటనవేలు చూపుడువేలి మీద ఆడుతోంది. కత్తి కింద పెట్టి చేతులు కడుక్కున్నాను.

మా ఆయన ఇంటర్వ్యూ కోసం ప్రెసిడెంట్ల పేర్లు బట్టీపడుతున్నాడు. మధ్యలో ఆగి, "వాళ్ళు నీ గురించి అడిగితే నేనేం చెప్పను?" అన్నాడు.

"నా భార్య దొంగ కాదని చెప్పు."

"అది నాకు తెలుసు." మళ్ళీ మొదటి ప్రెసిడెంట్ నుంచి మొదలుపెట్టాడు.

ఆ మాట ఇన్నాళ్ళకి అన్నాడు. సంతోషమేసింది.

అక్టోబర్ 30

భయం లేదు.

నవంబర్ 5

రేపు బల్ల. ఇంట్లో ఉండిపోతే సరిపోతుంది, ఒంట్లో బాగాలేదంటే ఎవరూ అడగరు. మా ఆయన కూడా అదే అన్నాడు.

వెళతాను. అదే తెల్లచీర కట్టుకుని వెళతాను.

నవంబర్ 6, ఆదివారం

ఇంకా చీర మార్చుకోలేదు. ముందు రాస్తాను.

పాటలయ్యాయి. సాక్ష్యాల సమయం వచ్చింది. ఒకాయన కొత్త ఉద్యోగం దొరికిందని చెప్పాడు. ఒకమ్మాయి రోడ్డు మీద కారు జారినా దెబ్బ తగల్లేదని చెప్పింది. దైవాశీర్వాదం గారు నా వైపు చూశారు. ఒప్పుకుంటానేమోనని. లేచాను. మా ఆయన నా కొంగు పట్టుకున్నాడు. లాక్కున్నాను.

"నేను ఒప్పుకోవడానికి లేవలేదు," అన్నాను. "సాక్ష్యం చెప్పడానికి లేచాను."

అంతా చెప్పాను. చచ్చిపోయే మనిషి ఏం అడిగాడో, నేనేం మాటిచ్చానో, దండ కింద ఏం పెట్టానో. పడవవాడిని నేను నమ్మనని చెప్పాను. మిస్టర్ కరాస్ కూడా పూర్తిగా నమ్మలేదని చెప్పాను. కానీ మాట ఇచ్చింది నేను, పడవవాడు కాదు కదా. "ఆ నాణెం మీద కొమ్ములున్నాయి, నిజమే. ముగ్గురు అన్యదేవుళ్ళ గుర్తులున్నాయి, నిజమే. అయినా అది విగ్రహంగా ఎవరికీ పనికిరాలేదు. ఒక ముసలాయన భయంగా ఉన్నప్పుడు బొటనవేలితో రాసుకునే వస్తువు అది. దాన్ని ఆయనకి ఇచ్చేశాను. దొంగతనం అంటే తీసుకోవడం. నేను ఇచ్చాను."

మెట్ల మీద పైనున్న లూథరన్ల పిల్లలు ఆడుకుంటున్నారు. ఈ ఊళ్ళో ఆ మాట బయటికి చెప్పినా దాగి ఉండే చోటు మా బేస్‌మెంట్ ఒక్కటే. ఆ గోడలకి తెలుగు రాదు.

"ఇప్పుడు మీ అందరికీ తెలుసు," అన్నాను. "ఆ హెలెన్‌కి చెబితే సమాధి తవ్వుతుంది. ఆమె నంబరు మా హోమ్‌లో అడిగితే ఇస్తారు. చెప్పాలనుకున్నవాళ్ళు చెప్పుకోండి."

కూర్చున్నాను. దేవకుమారి ఆంటీ ముందు బెంచీలోంచి లేచి, పాటల పుస్తకం, చలికోటు, చేతిసంచీ అన్నీ పోగుచేసుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. "శవానికి దండ వేశావు గదా, అదొక్కటీ బాగా చేశావు తల్లీ. వీళ్ళు ఇక్కడ ఏమీ వెయ్యరు," అని అందరికీ వినబడేలా గుసగుసలాడింది.

రొట్టె పళ్ళెం వచ్చింది. దైవాశీర్వాదం గారే పట్టుకుని వస్తున్నారు. ఆయన ముఖంలో ఏమీ తెలియలేదు. నా ముందుకి వచ్చాక పళ్ళెం ఆగలేదు. నేనే అంచు పట్టుకుని ఆపాను. ఆయన లాక్కుంటారనుకున్నాను. లాక్కోలేదు. నేను తీసుకునేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డారు.

బయటికొచ్చాక కారు దగ్గర అన్నారు, "సిస్టర్, నేనెవరికీ ఫోన్ చెయ్యను. కానీ నన్ను అడిగితే అబద్ధం చెప్పను."

"మిమ్మల్ని ఎవరడుగుతారండీ?" అన్నాను ధీమాగా.

నవంబర్ 8

అడిగారు.

ఉద్యోగంలో చేరినప్పుడు నా గురించి చెప్పగలిగిన పెద్దమనిషి ఎవరంటే దైవాశీర్వాదం గారి పేరిచ్చాను. హోమ్ వాళ్ళ దగ్గర ఆ పేరు తీసుకుని హెలెన్ ఆయన ఆఫీసుకి ఫోన్ చేసిందట. సాయంత్రం ఆయనే ఇంటికి వచ్చి చెప్పారు, టోపీ చేత్తో పట్టుకుని, గుమ్మంలోనే నిలబడి.

"నాణెం ఎక్కడుందో మీకు తెలుసా అని అడిగింది సిస్టర్. తెలుసన్నాను."

"అయ్యో! తెలీదని ఒక్క మాట అంటే మీ నాలుక అరిగిపోతుందా?"

"అరుగుతుంది," అన్నారు. "దేవుడి ముందు అరుగుతుంది. ఎక్కడుందని అడిగింది. సొంతదారు దగ్గరకి చేరిందని దెబోరా సిస్టర్ మా సంఘంలో సాక్ష్యం ఇచ్చింది, ఆ సాక్ష్యం నేను నమ్మాను, అంతకన్నా చెప్పను అన్నాను. ఆమె ఫోన్ పెట్టేసింది."

నేను ఆయన్ని ఏమేమి అన్నానో రాయను. తల వంచుకుని విన్నారు. చివరికి, "నేను నమ్మానని చెప్పాను, అది మాత్రం గుర్తుపెట్టుకోండి," అని వెళ్ళిపోయారు.

హెలెన్ తెలివైనది. ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది.

నవంబర్ 9

పొద్దున్నే తలుపు తట్టింది. ఒక్కతే వచ్చింది. లాయరు లేడు, పోలీసు లేడు.

గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "తవ్విస్తావా?" అన్నాను. లోపలికి రమ్మని కూడా అనలేదు.

"నో," అంది.

ఆ ఒక్క మాటకి నేను సిద్ధంగా లేను. గుమ్మం మీంచి చెయ్యి తీశాను. మా ఆయన వెనకనుంచి వచ్చి, "లోపలికి రండి మేడమ్, టీ తాగుతారా?" అన్నాడు. వచ్చి కూర్చుంది.

"జులైలో నన్నే అడిగాడు నాన్న," అంది. "నవ్వాను. ఇంకా చాలా ఏళ్ళుంటావు, అప్పుడు చూద్దాంలే అన్నాను."

మా ఆయన టీ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"అది అమ్మడానికి కాదు. మిగతావి హాస్పిటల్ బిల్లులకి అమ్మాను. అది అమ్మాలని ఎప్పుడూ అనుకోలేదు. చిన్నప్పుడు ఆదివారం డైనర్ మూసేశాక నన్ను కౌంటర్ మీద కూర్చోబెట్టి నా చేతిలో పెట్టేవాడు. గట్టిగా పట్టుకో, ఈయన చాలా దూరం నుంచి వచ్చాడు అనేవాడు. పోయినరోజు నాకు అదొక్కటే కావాల్సొచ్చింది. ఒకసారి పట్టుకోవాలనిపించింది. అంతే."

ఈ డైరీలో ఎన్నిసార్లు డబ్బే అని రాశానో నాకు తెలుసు. కొట్టివేయను. అప్పుడు నాకు తెలిసింది అదే.

"క్షమాపణ చెప్పను," అన్నాను. "నేను మాటిచ్చింది ఆయనకి."

"అడగలేదు." టీ కప్పు రెండు చేతులతో పట్టుకుంది. "నోట్లోనా?"

"కుదర్లేదు. చేతిలో."

"ఏ చేతిలో?"

"కుడి."

కప్పు కింద పెట్టింది. ఏదో అడగాలని మొదలుపెట్టి ఆపేసింది. ఆమె బొటనవేలు చూపుడువేలి మీద మెల్లగా ఆడుతోంది. తనకి తెలీదు. అచ్చం ఆయనలాగే.

"కొమ్ము మీదే పెట్టాను," అన్నాను. "బొటనవేలు వంచి, సరిగ్గా కొమ్ము మీదే పెట్టాను."

అప్పుడు ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను. ఈసారి చలి లేదు.

నవంబర్ 14, సోమవారం

యూనిఫాం ఇస్త్రీ చేసుకుని డ్యూటీకి వెళ్ళాను. హెలెన్ ఫోన్ చేసి కంప్లైంట్ వెనక్కి తీసుకుందట. మిసెస్ కొవాల్‌స్కీ నన్ను కావలించుకుంది. తర్వాత మళ్ళీ సూపర్‌వైజర్ అయిపోయి వస్తువుల లిస్టు కాయితం నా ముందు పెట్టింది. మిస్టర్ కరాస్ వస్తువుల్లో కళ్ళజోడుకి, పళ్ళసెట్టుకి, గడియారానికి ఎదురుగా హెలెన్ సంతకాలున్నాయి. నాణెం ఎదురుగా మాత్రం ఖాళీ.

"ఇక్కడ ఏదో ఒకటి ఉండాలి డెబ్రా. పోయిందని రాసి ముగించెయ్, ప్లీజ్."

మేము పేషెంట్‌ని హోమ్ నుంచి ఇంకో చోటికి పంపేటప్పుడు, కళ్ళజోడో, ఊతకర్రో ఆయనతో పాటే అంబులెన్స్‌లో పెడతాం. పెట్టినట్టు ఒక మాట రాసి కింద సంతకం చేస్తాం. ఏ నర్సునైనా నిద్రలో లేపి అడిగినా రాస్తుంది ఆ మాట.

పెన్ను తీసుకున్నాను. నాణెం ఎదురుగా పెద్ద అక్షరాలతో రాశాను: సెంట్ విత్ పేషెంట్.

కింద నా పేరు పూర్తిగా రాశాను. డెబ్రా కాదు, దెబోరా అని.